అరవై రెండో నంబరు చిలకలు

12 ఫిబ్రవరి 1979, సోమవారం

ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన మా సెక్రటరీ నరహరిగారికి రెండు డైరీలు ఇచ్చాడట. లక్ష్మీదేవి బొమ్మ ఉన్నది ఆయన ఉంచుకుని, ఎరువుల బస్తా బొమ్మ ఉన్నది నా మొహాన పడేశాడు. అదీ ఫిబ్రవరి రెండో వారంలో. కాబట్టి ఈ డైరీ లెక్కన జనవరి అంతా నేను బతికి లేను.

మొదటి పేజీలో ఖాళీలు నింపాను. పేరు సేతుమాధవరావు. వయసు నలభై ఒకటి. ఉద్యోగం స్టోర్‌కీపరు, బనశంకరి చేనేత సంఘం, ఎమ్మిగనూరు. రక్తం గ్రూపు అని ఇంకో ఖాళీ. తెలియదు. మాధ్వ అని రాశాను.

డైరీతో పాటు నరహరి ఒక ఆర్డరు కూడా ఇచ్చాడు. మూడేళ్లుగా మగ్గం ఎక్కని డిజైన్లను మార్చి 31 లోపు బొంగుల మీద నుంచి దింపేయాలి. కొత్త డిజైన్లకు చోటు లేదు. దింపిన అట్టలు హోటలు పొయ్యిలోకి.

నా స్టోరులో ఉన్నవల్లా చిల్లులు పొడిచిన అట్టలు. ఒక్కో డిజైనుకు రెండు మూడు వందలు, వరసగా దారంతో కుట్టి వెదురు బొంగుకు వేలాడదీసి ఉంటాయి. మగ్గం మీదికి ఎక్కిస్తే, ఏ చిల్లు ఉంటే ఆ దారం లేస్తుంది, దుప్పటి మీద పువ్వో చిలకో దిగుతుంది. నూట పద్దెనిమిది డిజైన్లు, నూట పద్దెనిమిది బొంగులు. పదేళ్లుగా కాపలా కాస్తున్నాను. మా అన్న చక్రపాణి మంత్రాలయంలో స్వామి సేవలో ఉన్నాడు, నేనిక్కడ అట్టల సేవలో ఉన్నాను. ఇద్దరికీ నడుము నొప్పే.

ఆర్డరులో రెండో పేరా కూడా ఉంది. డిజైను దింపేస్తే, అది తెచ్చిన నేతగాడి మగ్గం పేరు కూడా పట్టీలోంచి కొట్టేస్తారు. పేరు లేని మగ్గానికి సంఘం నూలు ఇవ్వదు. నరహరి ఈ పేరా చదివి వినిపిస్తూ తల తడుముకున్నాడు. అక్కడ వెంట్రుకలు లేక చాలా కాలమైంది.

రిజిస్టరు తీసి చూశాను. డెబ్బై ఒకటి మూడేళ్లుగా కదల్లేదు.

13 ఫిబ్రవరి

అరవై రెండో నంబరు గురించి ఇక్కడ రాయను. నా డైరీ, నా ఇష్టం.

16 ఫిబ్రవరి, శుక్రవారం

అట్టలకు చిల్లులు పొడిచే బసవన్న ఆర్డరును నేతగాళ్లందరికీ చదివి వినిపించాడు. సంఘం అరుగు మీద పెద్ద గోల. ఒకాయన సెక్రటరీని తిట్టాడు, ఒకాయన నన్ను తిట్టాడు, ఒకావిడ ఇద్దరినీ కలిపి ఒకే మాటలో తిట్టింది. ఆ మాట డైరీలో రాయదగినది కాదు గానీ, గుర్తుంచుకోదగినది.

అంతా అయ్యాక బసవన్న నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"రావుసామీ, మగ్గం ఎక్కిందో లేదో నీకెట్ల తెలుస్తాది?"

"ఎట్లా తెలుస్తుంది? రిజిస్టరులో తేదీ ఉంటుంది. అట్టలు తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ."

"అంటే తీస్కపోయి తెచ్చిస్తే సాలు."

నేను రిజిస్టరులో కొత్త పేజీ తీసి పెట్టాను.

20 ఫిబ్రవరి, మంగళవారం

ఊరంతా అట్టలే. పొద్దున తీసుకుపోతారు, సాయంత్రం తెచ్చిస్తారు. భుజాన వేసుకుని పోయేవాళ్లు, సైకిలు వెనక కట్టుకుని పోయేవాళ్లు. మాదన్న అయితే తన డిజైను చంకలో పెట్టుకుని పెద్దకడుబూరు దాకా బస్సులో పోయి వియ్యంకుణ్ణి పలకరించి వచ్చాడు. అట్టలు మగ్గం మొహం చూడలేదు, వియ్యంకుడి మొహం చూశాయి.

రిజిస్టరులో "కారణం" అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలని మొదటివాడు అడిగాడు. నీ ఇష్టం అన్నాను. "గాలికి" అని రాశాడు. వెనక వచ్చినవాళ్లంతా అదే రాశారు. నాలుగు పేజీలు గాలికే పోయాయి.

నాకు మాత్రం సంతోషంగా ఉంది. పదేళ్లలో నా స్టోరుకు ఇంతమంది వచ్చింది లేదు.

23 ఫిబ్రవరి, శుక్రవారం

నరహరి రిజిస్టరు చూశాడు. డెబ్బై ఒకటిలో అరవై ఎనిమిది ఒకే వారంలో వాడుకలోకి వచ్చేశాయి.

"ఏమిటిది రావుగారూ? ఈ గాలి ఏమిటి?"

"అట్టలకు తేమ పడుతుంది సార్. గాలి తగలకపోతే పురుగు."

ఆయన ఆదోని మనిషి. ఆదోనివాళ్లు ఎమ్మిగనూరువాళ్లను నమ్మరు. సాయంత్రానికి కొత్త ఆర్డరు దిగింది. అట్టలు తిరిగిచ్చేటప్పుడు ఆ డిజైనుతో నేసిన జానెడు గుడ్డ తేవాలి. గుడ్డ మీద సెక్రటరీ ముద్ర పడితేనే తేదీ లెక్క.

ఇది వినగానే అరవై రెండో బొంగు వైపు చూశాను. గాలికి పోయిరావడమైతే అట్టలు లేకపోయినా రిజిస్టరులో రెండు తేదీలు వేసేయవచ్చు. జానెడు గుడ్డకు అట్టలు కావాలి.

26 ఫిబ్రవరి

జానెడు గుడ్డలు వస్తున్నాయి. నరహరి ముద్రలు కొట్టి కొట్టి చెయ్యి వాచిందని కాపడం పెట్టించుకుంటున్నాడు. ముద్ర పడ్డ గుడ్డను రుజువుగా ఐదేళ్లు భద్రపరచాలని ఆయనే రాసుకున్నాడు. ఇప్పటికి మూడు గంపలు నిండాయి. స్టోరులో చోటు లేక తన గదిలో పెట్టించుకున్నాడు.

చోటు కోసం మొదలైన పని ఇది. ఎవరికైనా చెప్పి నవ్వాలని ఉంది. నా భార్య పద్మకు చెబితే "మీరు పనిచేసే చోట ఇంకేం జరుగుతుంది" అంది.

1 మార్చి, గురువారం

వచ్చింది. రాకుండా ఉంటుందని ఎందుకు అనుకున్నానో.

హులిగమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. చెప్పులు బయట విడిచి, కొంగు నడుముకు దోపుకుని, పనికి వచ్చినట్టే వచ్చింది.

"సామీ, అరవై రెండు ఇయ్యి."

"ఎవరిది అరవై రెండు?" అన్నాను, తెలియనట్టు.

"మా ఆయప్పది. సిలకలు. నీకు తెల్దా ఏంది? ఉద్యోగంలో సేరిన కొత్తలో నీ పెండ్లానికని నువ్వే గదా ఒక దుప్పటి ఏరుకొని తీస్కపోయినావు."

ఆమె భర్త మారెప్ప. ఆ చిలకల డిజైను అతనే గీసి, అతనే అట్టలు కొట్టుకున్నాడు. బసవన్నకు పని నేర్పింది కూడా అతనే. మూడేళ్లు ఉబ్బసంతో మంచాన పడి మొన్న కార్తీకంలో పోయాడు.

"మూడేండ్లు ఆయప్ప దగ్గుతాంటే నేను పక్కన కూసోని ఈపు నిమురుతాంటి. మగ్గం కాడికి ఎవురు బోవల్ల? ఇంగ ఆయప్పే లేడు. నేనే నేస్తా. ముప్పై ఒకటో తేదీ లోపల ఒక్క దుప్పటి నేసి ముద్ర ఏపిచ్చుకుంటే నా మగ్గం నిలబడతాది. లేకుంటే నూలు ఇయ్యరంట గదా. నూలు లేకుంటే నేనేం తినల్ల?"

"పైన వెతకాలమ్మా. సోమవారం రా."

"బొంగులకు నంబర్లు ఉండాయి గదా సామీ. ఎతికేదేముంది?"

సోమవారం రా అని మళ్లీ అన్నాను. రాజుకున్న నిప్పు మీద కూర్చున్నట్టుంది ఈ కుర్చీ.

ఇక రాయక తప్పదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో నరహరి గదికి పడమటి ఎండ కొడుతోందని రోజూ ఒకటే గొణుగుడు. రెండు కిటికీలు, వాటికి తెరలు లేవు. నాకు ఒక ఉపాయం తోచింది. అరవై రెండో నంబరు రెండేళ్లుగా ఎవరూ అడగలేదు, మారెప్ప లేవలేడని అందరికీ తెలుసు. దాన్ని దింపి, ఎనిమిది ముక్కలుగా కోసి, కిటికీకి నాలుగు చొప్పున వేలాడదీశాను. చెత్త అట్టలని చెప్పాను. గాలీ వస్తుంది, ఎండా ఆగుతుంది. "బుర్ర ఉందయ్యా రావుగారూ" అన్నాడు నరహరి. పదేళ్ల సర్వీసులో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

మొత్తం రెండు వందల పన్నెండు అట్టలు. కిటికీలకు రెండు వందలు సరిపోయాయి. నంబరు రాసి ఉన్న మొదటి పన్నెండూ మిగిలితే ఇంటికి పట్టుకొచ్చాను.

ఏడాదిగా మా సెక్రటరీ మారెప్ప చిలకల నీడలో కూర్చుని ఆర్డర్లు రాస్తున్నాడు. డిజైన్లు దింపమన్న ఆర్డరు కూడా ఆ నీడలో రాసిందే.

2 మార్చి

మంచం మీద దుప్పటి తీసి పెట్టె అడుగున పెట్టాను. ఎందుకని పద్మ అడిగింది. ఎండాకాలం వస్తోంది కదా అన్నాను.

5 మార్చి, సోమవారం

ఎలుకలు కొట్టేశాయని చెప్పాను.

"ఎలకలా?" అంది హులిగమ్మ. "రెండు నూర్ల పన్నెండు అట్టలు దినె. దారం గూడ మిగలకుండ దినె?"

"పెద్ద ఎలుకలమ్మా."

ఆమె నన్ను కాసేపు చూసింది. "అయితే ఆ ఎలకను ఒకతూరి నాకు సూపీ సామీ" అని వెళ్లిపోయింది.

ఆమె పోయాక దింపిన డిజైన్ల జాబితాలో అరవై రెండు రాశాను. "మూడేళ్లుగా వాడుకలో లేనందున తొలగించబడినది." అబద్ధం ఏముంది? మూడేళ్లుగా నేయలేదు, అది నిజం. ఈ నెలాఖరుకు ఎలాగూ దింపాల్సిందే. నేను ఒక ఏడాది ముందు దింపాను, అంతే. రూలు నా వెనక నడుచుకుంటూ వచ్చింది.

అక్షరాలు బాగా కుదిరాయి. సిరా మంచిది.

8 మార్చి

పద్మను అడిగాను, ఆ పన్నెండు అట్టలూ ఎక్కడ అని.

"ఊరగాయ జాడీల కింద పరిచినాను కదండీ. నూనె పట్టి కంపు కొట్టినాయి. నీళ్లకాగు కింద వేసేసినాను."

"ఎప్పుడు?"

"నీళ్లు భలే కాగినాయని మీరు మెచ్చుకోలేదూ, ఆ రోజు."

ఎవరివి అని అడిగింది. చెత్తవి అన్నాను. "చెత్తకు నంబరు వేస్తారా?" అంది. ఆడదానికి చూపు ఇంత మంచిది ఉండకూడదు.

అన్నం సహించలేదు. ఎండ వల్ల కావచ్చు.

12 మార్చి, సోమవారం

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి, లేకపోతే నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

డిజైను పోయినవాళ్లు సెక్రటరీ ఎదుట వేలిముద్ర వేయాలి. అలాంటివాళ్లు చివరికి ముగ్గురే తేలారు. ఇద్దరు ఊళ్లో లేరు. నాలుగు గంటలకు హులిగమ్మ వచ్చింది, తోడుగా బసవన్న. నేను జాబితా పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాను.

ఆ గదిలో నాలుగు గంటలకే అసలు ఎండ. అట్టల చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా గోడ మీద, ముద్రలు పడ్డ గుడ్డల గంపల మీద, నరహరి బట్టతల మీద ముగ్గు పెట్టినట్టు పడుతోంది. ఏడాదిగా చూస్తున్నాను, దానివైపు ఎప్పుడూ చూడలేదు.

నరహరి వేలిముద్రకు సిరా పెట్టె తెరిచాడు. హులిగమ్మ వేలు చాచి, అలాగే ఆగిపోయింది. కిటికీ దగ్గరకు నడిచింది. అట్టల అంచును వేళ్లతో తడుముతూ కిందికి వచ్చింది. ఒక చోట ఆగింది, ఇంకొంచెం కిందికి పోయి మళ్లీ ఆగింది.

"పచ్చ ముడి" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. బసవన్నకు అర్థమైంది. వాడు తల దించుకున్నాడు.

"పది అట్టలకొక పచ్చ ముడి. మా ఆయప్ప కొడతాంటే నేనే కుడతాంటి. లెక్క తప్పకుండ పదికొక ముడి ఏస్తాంటి. ఈ ఊర్లో పచ్చ దారం నేనొక్కదాన్నే ఏసేది." నరహరి వైపు తిరిగింది. "సెక్రటరప్పా, నువ్వు మా ఆయప్ప సిలకల కింద కూసోనుండావు."

నరహరి తలెత్తి కిటికీని చూశాడు. తరవాత నన్ను చూశాడు. నేను జాబితా చూశాను.

"ఇవి చెత్త అట్టలన్నారు కదా మీరు?"

పొరపాటున అన్నానో, ఇంకేదైనా అన్నానో నిజంగా గుర్తు లేదు. "సార్" అన్న మాట మాత్రం చాలాసార్లు అన్నాను.

నరహరి గొంతు సవరించుకున్నాడు. ఆయనకు కష్టం వస్తే రూలు గుర్తొస్తుంది. "ఏదైనా గానీ అమ్మా, మూడేళ్లుగా వాడుకలో లేని డిజైను..."

"యాడ వాడకం లేదు?" హులిగమ్మ గొంతు పెరిగింది. "దినామూ నువ్వే వాడుకుంటాండావు గదప్పా! నీ నెత్తికి ఎండ తగలకుండ ఏడాది పొడుగూతా మా ఆయప్ప అట్టలే గదా కాసింది? ఎమ్మిగనూర్లో నూట పద్దెనిమిది డిజైన్లు ఉంటే, ఒక దినం గూడ నాగా లేకుండ పని జేసింది ఇదొకటే. మీ పుస్తకంలో రాసుకో!"

బసవన్న ముందు నవ్వాడు. బయట అరుగు మీద విన్నవాళ్లు నవ్వారు. నరహరి బట్టతల ఎర్రబడింది, చుక్కలు మాత్రం కదల్లేదు. ఆ నవ్వులో నా మీద ఎవరూ చూపు పెట్టలేదు. దానికి నేను సంతోషించాను. సిగ్గులేకుండా సంతోషించాను.

అట్టలు దింపమన్నాడు. స్టూలెక్కి నేనే దింపాను. కిటికీలు బోసిపోయి ఎండ నేరుగా ఆయన కళ్లలో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నాకు మెమో రాశాడు. రాయడం పూర్తయ్యాక గంపల వైపు చూసి, ఆ జానెడు గుడ్డలన్నీ కలిపి కుట్టించి కిటికీలకు కట్టమన్నాడు. ఐదేళ్లు భద్రపరచాల్సినవి కదా సార్ అన్నాను. కిటికీకి కడితే భద్రంగా ఉండవా అన్నాడు. మొదటిసారి ఆయన మీద గౌరవం కలిగింది.

13 మార్చి

హులిగమ్మ ఎనిమిది ముక్కలూ స్టోరు నేల మీద పరిచి లెక్కపెట్టింది. అట్టల చివర మారెప్ప వేసిన అంకెలు ఉన్నాయి, వరస దొరికింది. పదమూడు నుంచి రెండు వందల పన్నెండు దాకా.

"మొదటి పన్నెండు లేవు సామీ. సిలక కాళ్లు ఆడుండేది."

నేను బొంగులు తుడుస్తున్నాను.

"యాడ బోయినాయో నీకేమన్నా తెల్సునా?"

"తెలియదమ్మా."

తుడిచిన బొంగునే మళ్లీ తుడిచాను. అట్టలన్నీ మూట కట్టుకుని తలమీద పెట్టుకుని పోయింది. చెప్పి ఉండవచ్చు. మా పెట్టెలో ఆ చిలకల దుప్పటి ఉంది, అందులో కాళ్లు ఉన్నాయి, దారాలు లెక్కపెట్టి బసవన్న చేత ఆ పన్నెండూ మళ్లీ కొట్టించవచ్చు. కానీ గడువు పద్దెనిమిది రోజులే ఉంది. అంత సమయం చాలదు. ఒకరోజు పని అని బసవన్న అంటాడేమో, వాడికేం తెలుసు. ఇంకో మెమో వస్తే ఉద్యోగం ఉండదు. చెప్పకపోవడమే అందరికీ మంచిది.

30 మార్చి, శుక్రవారం

దుప్పటి తెచ్చింది. మంచి నేత. ఎర్ర నేల మీద తెల్ల చిలకలు, ముక్కులు, కళ్లు, తోకలు అన్నీ ఉన్నాయి. కాళ్లు లేవు. కొమ్మకు వేలెడు పైన ఊరికే ఆగి ఉన్నాయి.

నరహరి అటూ ఇటూ తిప్పి చూశాడు. డిజైను పూర్తిగా ఉండాలని ఆర్డరులో రాయడం మరిచిపోయాడు. ముద్ర కొట్టాడు. హులిగమ్మ మగ్గం నిలబడింది. రిజిస్టరులో అరవై రెండు ఎదురుగా నేటి తేదీ వేసి, "వాడుకలో ఉంది" అని రాశాను. అదే సిరా. ఈసారి అక్షరాలు కుదరలేదు.

14 జూన్ 1979

ఆదోని నుంచి దుప్పట్ల షావుకారు వచ్చాడు. చిలకల దుప్పటి పట్టుకుని, "అవిటి పక్షులను ఎవరు కప్పుకుంటారయ్యా?" అని పక్కన పడేశాడు. హులిగమ్మకు సాదా తువ్వాళ్ల పని ఇచ్చారు. తువ్వాళ్లకు అట్టలు అక్కర్లేదు.

తువ్వాళ్లు కూడా బట్టలే. ఎవరో ఒకరు నేయాలి కదా.

8 ఫిబ్రవరి 1982, సోమవారం

పద్మ అటక దులుపుతుంటే ఈ డైరీ దొరికింది. చివరిసారి రాసి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఇంకో నాలుగు నెలలు ఆగి ఉంటే మా రూలు ప్రకారం దీన్ని కూడా నీళ్లకాగు కిందికి పంపవలసింది. ప్రాణం నిలబెట్టడానికి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నరహరి ఇంకా సెక్రటరీయే. గుడ్డ ముక్కల తెర వెలిసిపోయింది, ఆయన ముద్రలు మాత్రం నల్లగా ఉన్నాయి. రూలు కూడా ఉంది. పోయిన వారం పట్టీ తీశాను. ఈ మార్చికి మూడేళ్లు నిండే డిజైను ఒకటే ఉంది.

ఈసారి దాని కోసం ఎవరూ రారు. హులిగమ్మకు చూపు తగ్గింది. పోయిన వానాకాలం మగ్గం విప్పేసి హాలహర్విలో కూతురు దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు స్టోరుకు వచ్చింది, చెప్పి పోదామని. మళ్లీ అదే అడిగింది. "సామీ, ఆ పన్నెండు అట్టలు యాడ బోయినాయో నీకు తెల్సు గదా." తెలియదని మళ్లీ అన్నాను. "సరే పో" అంది, చిన్నపిల్లవాడితో అన్నట్టు.

ఏడు నెలలైంది. అన్నం తినేటప్పుడు, జాడీ మూత తీసినప్పుడల్లా ఆ "సరే పో" వినిపిస్తోంది. ఎండ వల్ల కాదు. సిగ్గు వల్ల. ఇది ఫిబ్రవరి.

11 ఫిబ్రవరి

పెట్టె అడుగు నుంచి దుప్పటి తీశాను. పద్మ ఏమీ అడగలేదు. దారాలు లెక్కపెట్టే అద్దం పట్టుకుని రెండు రోజులుగా చిలక కాళ్ల దగ్గర కూర్చున్నాను. గళ్ల కాగితం మీద ఒక్కో దారానికి ఒక్కో చుక్క. మా అన్న చక్రపాణి ఏదో పని మీద వచ్చి, ఏమిటిది అన్నాడు. పాదసేవ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

16 ఫిబ్రవరి

కాగితం బసవన్నకు ఇచ్చి, అంతా చెప్పాను. కిటికీ, జాడీలు, కాగు, అన్నీ.

"నాకు తెల్సులే" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఎలకలు అన్నప్పటి నుంచి. మా అట్టలకు చింతగింజల గంజి పూస్తాము సామీ. అది ఎలకలు తినవు."

పన్నెండు అట్టలూ కొట్టడానికి వాడికి ఒక పూట పట్టింది.

18 ఫిబ్రవరి

రిజిస్టరులో రాశాను. డిజైను 62. ఇచ్చినవారు, సేతుమాధవరావు. తీసుకున్నవారు, సేతుమాధవరావు. కారణం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి "గాలికి" అని రాశాను. పక్కన నరహరి నిలబడి చదివాడు. కిటికీ వైపు వెళ్లిపోయాడు.

బసవన్న తన మగ్గం మీదికి ఎక్కించాడు. కొత్తవి పాతవాటికి కలిపి కుట్టేటప్పుడు పదో అట్ట దగ్గర పచ్చ ముడి వేశాడు. నేను చెప్పలేదు.

21 మార్చి 1982, ఆదివారం

హాలహర్వికి వెళ్లి వచ్చాను. ఆదోనిలో బస్సు మారాలి. దుప్పటి కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నాయన, పెళ్లికా సామీ అని అడిగాడు. కాదు, ఒప్పుకోవడానికి అన్నాను. ఆయన ఇంకో సీటుకు మారిపోయాడు.

హులిగమ్మ ఇంటి ముందు ఎండలో కూర్చుని కందులు చెరుగుతోంది. గొంతు విని గుర్తుపట్టింది. కూతురు నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను దుప్పటి విప్పి ఆమె మోకాళ్ల మీద పరిచాను.

చూడలేదు. చేత్తో చూసింది. తోక దగ్గర మొదలుపెట్టి రెక్క, కడుపు, అక్కడి నుంచి మెల్లగా కిందికి. కాళ్ల దగ్గర వేళ్లు ఆగిపోయాయి. రెండో చిలకనూ, మూడో చిలకనూ తడిమింది. అన్నిటికీ ఉన్నాయి.

"కాళ్లొచ్చినాయే" అంది.

దారిలో బస్సులో చాలా మాటలు కూర్చుకున్నాను. అవేవీ నోటికి రాలేదు. "నేనే హులిగమ్మా" అన్నాను. "ఎలుకలు కావు. ఆ పన్నెండూ నేనే ఇంటికి తీసుకుపోయాను. జాడీల కింద పరిచి, తరవాత కాగు కింద కాల్చేశాము. నీ చిలకలు నీకు దక్కకుండా చేసింది నేనే. రెండుసార్లు అడిగావు, రెండుసార్లూ అబద్ధం చెప్పాను."

ఆమె చిలక కాలి మీద బొటనవేలు అలాగే పెట్టి ఉంచింది. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. పదమూడేళ్ల సర్వీసులో నేను దేనికోసమూ అంతగా ఎదురుచూడలేదు.

"ఏం జాడీలు సామీ?" అంది.

"ఊరగాయ జాడీలు."

"మామిడికాయా?"

"అవును."

"బాగుండెనా?"

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ తెలియదు. రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయి. "బాగుండె" అన్నాను, జన్మలో మొదటిసారి ఆమె లాగా.

హులిగమ్మ కందుల చేట పక్కన పెట్టి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఒళ్లో ఉంచుకుంది. "అయితే ఈసారి వచ్చేటప్పుడు ఒక జాడీ పట్కరా" అంది.